రాబోయే జీతం మీ స్తోమత కాదు

ఆఫర్‌ లెటర్‌ మెయిల్‌కి వచ్చిన సాయంత్రమే మొబైల్‌ షోరూమ్‌కి వెళ్లినవాళ్లు మీ క్లాసులో ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. మీరూ వాళ్లలో ఒకరైతే సిగ్గుపడాల్సిన పనేం లేదు. నాలుగేళ్లు పగిలిన స్క్రీన్‌తో నెట్టుకొచ్చిన కుర్రాడికి ఆ కోరిక రావడం సహజం. నెలకు రెండు వేలు, పన్నెండు కిస్తీలు, మొదటి జీతం వస్తే అదే తీరిపోతుంది అన్న లెక్క కూడా కాగితం మీద బాగానే ఉంటుంది. చిక్కంతా జాయినింగ్‌ తేదీ దగ్గర వస్తుంది. 2022లో పట్టాలు పుచ్చుకున్న ఐటీ ఫ్రెషర్లను అడగండి. ఆఫర్‌ చేతిలో ఉంది, చేరమని పిలుపు మాత్రం నెలల తరబడి రాలేదు. ఈఎంఐ తేదీ ఒక్క నెల కూడా ఆగలేదు.

'స్తోమతకు తగ్గట్టు ఖర్చుపెట్టు' అని ఇంట్లో నాన్న అంటారు, మసీదులో ఇమామ్‌ అంటారు, గుడిమెట్ల దగ్గర తాతయ్యా అంటారు. అందరూ ఒప్పుకునే మాట కాబట్టే ఎవరూ దాన్ని విప్పి చూడరు. ఇంతకీ స్తోమత అంటే ఏది? ఈరోజు అకౌంట్‌లో ఉన్నదా, ఆరు నెలల తర్వాత పడబోయేదా? ఉద్యోగం వెతుక్కునే వయసులో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఇస్లాం దీనికి చెప్పే జవాబు నాకు చాలా సూటిగా కనిపిస్తుంది. మీరు ముస్లిం అయినా కాకపోయినా ఒకసారి వినదగ్గది.

ఖుర్‌ఆన్‌లో 65వ సూరా పేరు తలాఖ్‌. విడాకులయ్యాక బిడ్డకు పాలిస్తున్న తల్లికి ఆ బిడ్డ తండ్రి ఎంత ఇవ్వాలన్నది అక్కడి సందర్భం. భరణం తగువుల్లో ఇవాళ కోర్టులు చూసే విషయమే అనుకోండి. ఏడో వాక్యం సారాంశం ఏమిటంటే, కలిగినవాడు తన కలిమిని బట్టి పెట్టాలి, చేతికొచ్చేది తక్కువున్నవాడు దేవుడు తనకు ఇచ్చినదాంట్లోంచే పెట్టాలి, ఇచ్చినదానికి మించిన భారం దేవుడు ఎవరిమీదా వేయడు. గమనించారా, 'ఇచ్చినదాంట్లోంచి'. ఇవ్వబోయేదాంట్లోంచి అని కాదు. అలాగని రాబోయేదాని మాట అందులో లేకపోలేదు. ఇబ్బంది తర్వాత సుఖం కలుగుతుందన్న భరోసా అదే వాక్యం చివర్లో ఉంది. ఆశ పెట్టుకోమంది, ఖర్చును మాత్రం చేతిలో ఉన్నదానితోనే కొలవమంది. ఆఫర్‌ లెటర్‌ మొదటి కోవలోది, బ్యాంకు బ్యాలెన్స్‌ రెండో కోవలోది. ఈ రెండూ కలిసిపోయినచోటే మనవాళ్లు మునుగుతున్నారు.

ఖర్చు గురించి ఖుర్‌ఆన్‌లో చాలాచోట్ల ఉన్నా, మీ వయసువాళ్లు చదవాల్సినవి నన్నడిగితే 17వ సూరా బనీ ఇస్రాయీల్‌లో 26 నుంచి 29 వరకు ఉన్న నాలుగు వాక్యాలు. వరసగా చదివితే ఒక హాస్టల్‌ గదిలో జరిగే కథలా ఉంటాయి.

మొదటిది, బంధువుకు, పేదకు, బాటసారికి వాళ్ల హక్కు ఇమ్మంటుంది, వెంటనే దుబారా చేయొద్దంటుంది. దానం చేయమన్న వాక్యంలోనే దుబారా హెచ్చరిక! మంచిపని పేరు చెప్పి చేసినంత మాత్రాన లెక్క అక్కర్లేదనుకోవద్దన్నమాట. రెండోది ఇంకా ఘాటుగా ఉంటుంది, దుబారా మనుషులను షైతాన్‌కు సోదరులని తిడుతుంది. నాలుగో వాక్యంలో ఒక బొమ్మ కనిపిస్తుంది. చేతిని మెడకు కట్టేసుకున్నట్టు బిగించుకోవద్దు, పూర్తిగా చాచేయనూ వద్దు, అలా చేస్తే నిందలు పడి, చేతిలో ఏమీ లేక కూలబడతావు అంటుంది. నిందలు రెండువైపులా ఉన్నాయి. పిసినారిని ఊరు తిడుతుంది. ఉన్నదంతా ఊదేసినవాణ్ని తర్వాతి నెలలో అతని దగ్గర తిన్నవాళ్లే తిడతారు.

నాకు బాగా నచ్చేది ఈ రెంటికీ మధ్యనున్న మూడోది. సాయం అడిగినవాళ్లకు ఇవ్వడానికి ప్రస్తుతం నీ దగ్గర లేదు, దేవుడి దయ వస్తుందని నువ్వే ఎదురుచూస్తున్నావు, అలాంటప్పుడు ఏం చేయాలి? వాళ్లతో మెత్తగా ఒక మాట చెప్పు అంటుంది. అంతే. అప్పు చేసైనా ఇమ్మని లేదు, మొహం చాటేయమనీ లేదు. ఆదాయం ఇంకా రాని మనిషికి 'లేదు' అనే హక్కు ఉందని, దాన్ని మర్యాదగా అనాలని చెబుతోంది. రూమ్మేట్‌ పుట్టినరోజుకు తలా వెయ్యి వేసుకుందామన్నప్పుడు, 'జాబ్‌ వచ్చిందటగా, పార్టీ ఎప్పుడు?' అని సీనియర్లు పట్టుకున్నప్పుడు మీకు కావాల్సింది ఈ వాక్యమే. 'అన్నా, జీతం చేతికి రానివ్వండి, బిర్యానీ నాదే' అని నవ్వుతూ అనగలిగితే చాలు. మనలో చాలామంది ఆ ఒక్క మాట నోటికి రాక క్రెడిట్‌ కార్డు తీస్తాం.

దుబారా అని మనం ఒకే మాట వాడతాం కానీ అరబీలో రెండున్నాయి, ఇస్రాఫ్‌, తబ్జీర్‌. పండితులు చెప్పే తేడాల్లో ఒకటి తేలిగ్గా అర్థమయ్యేది ఇది: అవసరమైనదానికే హద్దు దాటి పెడితే ఇస్రాఫ్‌, పెట్టకూడని చోట పెడితే తబ్జీర్‌. ఇంటర్వ్యూకి ఒక మంచి చొక్కా అవసరం. బ్రాండ్‌ కోసం అదే చొక్కాకు నాలుగు రెట్లు పెడితే ఇస్రాఫ్‌. తినండి, తాగండి, మితి మీరొద్దు అని ఏడో సూరా 31వ వాక్యం చెప్పేది దీని గురించే. ఆ వాక్యం మొదలయ్యేది ప్రార్థనకు వెళ్లేటప్పుడు చక్కగా అలంకరించుకోమనడంతో. కాబట్టి చిరుగుల చొక్కా వేసుకోవడమే భక్తి అనుకునేవాళ్లు దాన్ని సగమే చదివినట్టు. ఇక ఐపీఎల్‌ సాయంత్రాల్లో బెట్టింగ్‌ యాప్‌లో వేసే ఐదు వందలు అచ్చంగా తబ్జీర్‌. జూదాన్ని మద్యంతో కలిపి ఐదో సూరా 90వ వాక్యం నిషేధించింది. అక్కడ తక్కువ, ఎక్కువ అన్న తేడా లేదు. యాభై రూపాయలైనా సరే.

ఇక్కడిదాకా చదివి ఇదంతా కడుపు కట్టుకోమని చెప్పడమే అనుకుంటే పొరపాటు. అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, విజయవాడలోనో కోచింగ్‌కొచ్చి పొద్దున టిఫిన్‌ మానేసి, మధ్యాహ్నం ఒక్కపూట తిని నెట్టుకొచ్చే పిల్లలు నాకు తెలుసు. డబ్బులు మిగిల్చామన్న గర్వం కూడా వాళ్లలో ఉంటుంది. బస్సు చార్జీకి వెనకాడి ఇంటర్వ్యూకి ఆలస్యంగా వెళ్లినవాళ్లున్నారు. ఇది మెడకు చేయి కట్టేసుకోవడమే. ముహమ్మద్‌ ప్రవక్త (స) దగ్గరికి హింద్‌ బిన్తె ఉత్బా అనే ఆవిడ ఒక ఫిర్యాదుతో వచ్చింది. ఆమె భర్త అబూ సుఫ్యాన్‌ మక్కా పెద్దల్లో ఒకడు. తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వడని, అతనికి తెలియకుండా తీసుకోవచ్చా అని అడిగింది. నీకూ నీ పిల్లలకూ సరిపోయేంత, న్యాయమైన మేరకు తీసుకోమని ఆయన చెప్పారు. బుఖారీ హదీసు సంకలనంలో ఉన్న సంగతి ఇది. అవసరమైనదానికి పెట్టకపోవడం అక్కడ పొదుపు కింద లెక్కకు రాలేదు, తప్పు కింద వచ్చింది. తన మీద పెట్టుకోవాల్సింది పెట్టుకోకపోయినా లెక్క అదేనని నేననుకుంటాను. తిండి, గది అద్దె, ప్రయాణం, ఫోన్‌ రీఛార్జ్‌, ఇంటర్వ్యూ బట్టలు ఉద్యోగ వేటకు పెట్టుబడి. వాటిలో కోత వేసి ఓటీటీ సబ్‌స్క్రిప్షన్‌ ఉంచుకునే లెక్క మీలో ఎవరైనా వేస్తుంటే ఆ లెక్క తిరగేయండి.

అప్పు సంగతికొద్దాం. మన తెలుగులో డబ్బు మాటలు జమ, బాకీ, వసూలు, కిస్తీ అన్నీ అరబీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా నడిచొచ్చినవే. మాటలు తెచ్చుకున్నాం, వాటి వెనకున్న జాగ్రత్త తెచ్చుకోలేదు. ప్రవక్త తన ప్రార్థనల్లో అప్పు నుంచి తనను కాపాడమని తరచు వేడుకునేవారట. అప్పంటే ఇంత భయమెందుకని ఒకరు అడిగారు. అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాటిస్తే తప్పుతాడు అన్నది ఆయన జవాబు సారం. వడ్డీ గురించి, పేదరికం గురించి ఆయన ఇక్కడ ఎత్తనే లేదు. నోటి గురించి చెప్పారు. ఇది ఎంత నిజమో లోన్‌ యాప్‌లో ఇరుక్కున్న ఏ కుర్రాడి ఫోన్‌ చూసినా తెలుస్తుంది. అమ్మకు 'ఎగ్జామ్‌ ఫీజు' అని ఒక మెసేజ్‌, మామయ్యకు 'ఫ్రెండ్‌కి యాక్సిడెంట్‌' అని ఇంకోటి, రూమ్మేట్‌కు 'ఫ్రైడే పక్కా' అని మూడోది. మంచి పిల్లాడే, వారానికి పది అబద్ధాలు ఆడుతుంటాడు.

ఆ యాప్‌లు ఎలా పనిచేస్తాయో ఒక లెక్కలో చూడండి. ఐదు వేలు మంజూరు అంటారనుకుందాం. ప్రాసెసింగ్‌ ఫీజు పోను చేతికి మూడున్నర వేలు వస్తాయి. వారం తిరిగేసరికి కట్టాల్సింది ఐదు వేలు. మూడున్నర వేలకు వారానికి పదిహేను వందలంటే దాదాపు 43 శాతం, అదీ ఏడాదికి కాదు, ఏడు రోజులకు. తీర్చలేకపోతే ఇంకో యాప్‌, దాన్ని తీర్చడానికి మూడోది. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు వరసగా కేసులు పెట్టారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్‌ రుణాలకు నిబంధనలు తెచ్చింది. యాప్‌ మీ కాంటాక్టులు, కాల్‌ లాగ్‌, ఫొటోలు తీసుకోకూడదు. మొత్తం ఖర్చును ఏడాది వడ్డీ శాతంగా ముందే రాతపూర్వకంగా చూపించాలి. డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి. మీ కాంటాక్టులకు అనుమతి అడిగిన యాప్‌ అక్కడే నిబంధన తప్పింది. ఇక చదవక్కర్లేదు, తీసేయండి.

ముస్లిం విద్యార్థికి ఇందులో ఇంకో ముడి ఉంది, వడ్డీ. రిబాను ఖుర్‌ఆన్‌ నిషేధించింది కాబట్టి 'నో కాస్ట్‌ ఈఎంఐ' చూడగానే దారి దొరికిందనిపిస్తుంది. కానీ చాలా ఆఫర్లలో ప్రాసెసింగ్‌ ఫీజు ఉంటుంది, ఒక్కరోజు ఆలస్యమైతే జరిమానా ఉంటుంది, ఒక్కోసారి అదే వస్తువుకు నగదు ధర తక్కువుంటుంది. ధర్మం సంగతి మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి, బిల్లు సంగతి మాత్రం మీరే చదవాలి. వడ్డీ లేని అప్పును కర్జె హసనా అంటారు. అది మనకు కొత్తేం కాదు. నిజాం కాలంలో హైదరాబాద్‌లో నడిచిన వడ్డీలేని పరపతి సంఘాల గురించి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన ముహమ్మద్‌ హమీదుల్లా రాశారు. ఆ తర్వాత ఆయన పారిస్‌లో స్థిరపడి ఖుర్‌ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించిన పండితుడు. ఇలాంటి సంఘాలు ఇప్పటికీ కొన్ని మసీదుల చుట్టూ, బస్తీల్లో నడుస్తున్నాయి. వాళ్లు మొదట అడిగేది ఎందుకు, ఎప్పుడు తీరుస్తావు అని. యాప్‌ ఈ రెండూ అడగదు, అందుకే మనకు అది సుఖంగా అనిపిస్తుంది.

స్నేహితుల మధ్య చేబదుళ్లకు కూడా ఒక పద్ధతి ఉంది. ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం దేని గురించో ఊహించండి. స్వర్గం గురించో నరకం గురించో అనుకుంటారు. రెండో సూరా 282వ వాక్యం అది, అప్పు రాసుకోవడం గురించి! గడువు పెట్టి అప్పిచ్చుకుంటే రాసుకోండి, రాయడం వచ్చినవాడు న్యాయంగా రాయాలి, ఏం రాయాలో బాకీ ఉన్నవాడే చెప్పాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దు అని ఒక రిజిస్ట్రార్‌ ఆఫీసు గుమస్తాలా ఒక్కొక్కటీ చెబుతుంది. 'ఫోన్‌పే హిస్టరీ ఉందిగా' అంటారు మీరు. హిస్టరీలో ఎంత వెళ్లిందో ఉంటుంది, ఎప్పటికి రావాలో ఉండదు. అది ఇచ్చిందా, తిరిగి కట్టిందా అన్నది కూడా మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. తీసుకున్నవాడే ఒక వాట్సాప్‌ మెసేజ్‌ పెడితే సరిపోతుంది: 'రెండు వేలు తీసుకున్నాను, పదో తారీఖుకి ఇస్తాను.' బాకీదారుడే చెప్పాలన్నది అందుకే. అవతలివాడు అడిగితే అనుమానంలా ఉంటుంది, మీరే పెడితే మర్యాదగా ఉంటుంది. నాకు తెలిసి హాస్టల్‌ స్నేహాలు అమ్మాయిల వల్లో అబ్బాయిల వల్లో చెడినదానికంటే రాసుకోని రెండు మూడు వేల వల్ల చెడిందే ఎక్కువ.

ఇదంతా చెప్పినప్పుడు కుర్రాళ్లు ఒక మాట అంటారు, అది నిజమే కూడా. 'సర్‌, ఖర్చు తగ్గించడానికి ముందు సంపాదన ఉండాలి కదా!' ఉద్యోగం లేనివాడికి పొదుపు పాఠాలు చెప్పడం తేలిక. వాటితో పాటు సంపాదన గురించి కూడా మాట్లాడితేనే న్యాయం. అబ్దుర్రహ్మాన్‌ బిన్‌ ఔఫ్‌ కథ అందుకే చెప్పాలి. క్రీ.శ. 622లో మక్కా వదిలి మదీనాకు వలస వచ్చిన వ్యాపారి ఆయన. చేతిలో ఏమీ లేదు. మదీనాలో ఆయనకు అన్నగా కుదిరిన సాద్‌ బిన్‌ రబీ సంపన్నుడు, తన ఆస్తిలో సగం పంచిస్తానన్నాడు. అబ్దుర్రహ్మాన్‌ ఆయన్ని దీవించి, మీ బజారెక్కడో చూపించండి చాలన్నాడు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్లి నెయ్యి, ఎండబెట్టిన జున్ను బేరం చేసి లాభంతో తిరిగొచ్చాడు. సగం ఆస్తి అంటే ఆ రోజుల్లో ఎంత పెద్ద ఆఫర్‌! ఉచితంగా వచ్చేదాన్ని కూడా ఆయన తన స్తోమత కింద రాసుకోలేదు. అలాగని మొదటి బేరం పెద్దదిగా ఉండాలనీ ఎదురుచూడలేదు, నెయ్యితో మొదలుపెట్టాడు. కోర్‌ జాబ్‌ వచ్చేదాకా ట్యూషన్‌ చెప్పడానికీ, డేటా ఎంట్రీకీ, షాపులో పార్ట్‌టైమ్‌కీ నామోషీ పడేవాళ్లకు ఈ నెయ్యి సంగతి చెప్పాలనిపిస్తుంది.

కొన్నాళ్లకు ఆయన పెళ్లి చేసుకున్నాడు. ఖర్జూర గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చాడు. విందు పెట్టమని ప్రవక్త చెప్పారు, ఒక్క గొర్రెతోనైనా సరే అన్నారు. ప్రవక్త స్వయంగా సఫియాను పెళ్లాడినప్పుడు పెట్టిన వలీమాలో మాంసమే లేదు, ఖర్జూరాలు, జున్ను, నెయ్యి ఉన్నాయంతే. మన ఇళ్లలో ఏం జరుగుతోంది? అబ్బాయికి జాబ్‌ వచ్చిందని తెలియగానే చెల్లెలి పెళ్లికి ఫంక్షన్‌ హాల్‌ రేటు మారిపోతుంది. ముస్లిం ఇళ్లలో నిఖాకు ఒక మెనూ, వలీమాకు ఇంకో మెనూ, హిందూ ఇళ్లలో సంగీత్‌కు ఒక సెట్‌, రిసెప్షన్‌కు ఇంకో సెట్‌. మీ రాబోయే జీతాన్ని మీకన్నా ముందు ఖర్చుపెట్టేది చాలాసార్లు మీవాళ్లే. పెద్దవాళ్లతో ఇది మాట్లాడటం కష్టం, తెలుసు. 'నాన్నా, నా జీతం చూసి అప్పు చేయొద్దు, ఆర్నెల్లు ఆగుదాం' అని జాయినింగ్‌కు ముందే చెబితే ఇంట్లో ఒకరోజు మూతి ముడుచుకుంటారు. హాలుకు అడ్వాన్స్‌ ఇచ్చేశాక చెబితే మాత్రం వినేవాళ్లుండరు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల కోసం ఒక మాట. అప్పు ఉన్న ఒకాయన చనిపోతే జనాజా నమాజు చదివించమని ప్రవక్త దగ్గరికి తెచ్చారు. ఇతనికి బాకీలున్నాయా అని ఆయన అడిగారు. మూడు దీనార్లన్నారు. అయితే మీరే చదివించుకోండి అని పక్కకు తప్పుకోబోయారు. అబూ ఖతాదా అనే సహచరుడు ముందుకొచ్చి ఆ బాకీ నాదన్నాక గానీ ఆయన నమాజు చదివించలేదు. అప్పు ఎంత బరువో చెప్పడానికి దీన్ని అందరూ ఉదాహరిస్తారు. తర్వాతి సంగతి తక్కువమంది చెబుతారు. ఖజానాకు డబ్బు వచ్చాక, తీర్చలేని అప్పుతో చనిపోయినవాళ్ల బాకీ తాను తీరుస్తానని, వాళ్లు వదిలివెళ్లిన ఆస్తి మాత్రం వారసులదేనని ఆయన ప్రకటించారు. జకాత్‌ అందుకోదగ్గవారంటూ తొమ్మిదో సూరా 60వ వాక్యం చెప్పిన ఎనిమిది రకాల మనుషుల్లో అప్పులవాళ్లూ ఉన్నారు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుడికి గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మంచిదని రెండో సూరా 280వ వాక్యం అప్పిచ్చినవాడికే చెబుతుంది. అప్పులో ఉన్న మనిషి దాక్కోవాల్సినవాడని ఎక్కడా లేదు. అతను నలుగురూ ఆదుకోవాల్సినవాడు.

కాబట్టి ఇంట్లో చెప్పండి. అమ్మకో, అక్కకో, బాబాయికో, తిట్టినా విని నిలబడే ఒక మనిషికి మొత్తం లెక్క ఒకేసారి చెప్పండి. సగం చెబితే మిగతా సగానికి మళ్లీ అబద్ధం కావాలి. ఒక కాగితం మీద ఎవరికి ఎంత, ఎప్పటికి అని రాసుకోండి. ముందు వారం వడ్డీ యాప్‌, తర్వాత కార్డు, ఆ తర్వాత స్నేహితులు. స్నేహితులు గడువిస్తారు, అడగాలంతే. మార్ఫింగ్‌ ఫొటోలతో, కాంటాక్టులకు ఫోన్లు చేస్తూ ఎవరైనా బెదిరిస్తుంటే స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930కి ఫోన్‌ చేయండి. అది సైబర్‌ మోసాల హెల్ప్‌లైన్‌. బెదిరింపుకు భయపడి కొత్త యాప్‌ డౌన్‌లోడ్‌ చేయొద్దు. ఈ రాత్రికి ఆ కాగితం మొదలుపెట్టండి, ఇంటికి ఫోన్‌ రేపు పొద్దున చేయొచ్చు.